పడవ కొనేది రోజూ వెళ్ళే సరస్సు కోసమా, ఎప్పుడో వెళ్ళే సముద్రం కోసమా?

తెరచాప:
ఇంట్లో నలుగురం. సెలవు రోజున సరస్సు మీద తిరగడం, గాలం వేయడం మా సరదా. ఏడాదికి రెండు మూడుసార్లు తీరం వెంట సముద్రంలోకీ వెళ్ళాలని ఆశ. అల్యూమినియంతో చేసిన 14 అడుగుల చదును అడుగు పడవ ఒకటి, 19 అడుగుల ఫైబర్ పడవ ఒకటి చూశాను. రెండోదాని అడుగు 'వి' ఆకారం. రెండూ పాతవే. పెద్దదైతే అన్నిటికీ పనికొస్తుందని నా వాదన. కాదంటారా?

లంగరు:
కాదంటాను. నా మొదటి పడవ 20 అడుగులది. దాన్ని ట్రెయిలర్ మీంచి దింపాలంటే రెండో మనిషి ఉండాల్సిందే. తోడు దొరకని ఆదివారం అది షెడ్డులోనే. ఇప్పుడున్నది 12 అడుగుల అల్యూమినియం. తెల్లవారుజామున ఒక్కణ్ణే దింపుకుంటాను, మోకాలి లోతు నీళ్ళలోకీ పోతుంది.

చుక్కాని:
లంగరు గారూ, ఆ చదును అడుగుతో ఎదురుగాలిలో ఎప్పుడైనా వచ్చారా? ప్రతి అలకీ అడుగు దబ్బుమని కొడుతుంది, నడుం పట్టేస్తుంది. 'వి' అడుగు అలను కోసుకుంటూ పోతుంది. పెద్ద సరస్సులో మధ్యాహ్నం గాలి లేస్తే అక్కడా అలలే. పిల్లలున్న పడవకి అంచులు ఎత్తుగా ఉండాలి, అంతే.

లంగరు:
గాలి లేచేలోపు ఒడ్డున ఉంటాను. నా పడవ సముద్రానికి పనికిరాదు, ఒప్పుకుంటాను. కానీ 'వి' పడవని ఆపి నలుగురూ ఒకే వైపు గాలాలు వేసి చూడండి, ఎలా వాలుతుందో! పైగా దానికి ఇంజన్ పెద్దది కావాలి, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

తెడ్డు:
ఇద్దరూ అడగని ప్రశ్న నేనడుగుతా. తెరచాప గారూ, మీ కారు ఎంత బరువు లాగుతుంది? పడవ ఒక్కదాని బరువు చూసి మోసపోకండి. ట్రెయిలర్, ఇంజన్, సామాను కలపాలి. 100 లీటర్ల పెట్రోలే దాదాపు 75 కిలోలు.

ఇక పాత పడవ అంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఫైబర్ పడవైతే ఇంజన్ బిగించే వెనక పలకని స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టండి. గట్టిగా టక్కుమంటే సరే, మొద్దుగా మోగితే లోపలి చెక్క చివికి ఉండొచ్చు. అల్యూమినియందైతే ట్రెయిలర్ మీదుండగానే లోపల రెండు మూడు బకెట్ల నీళ్ళు పోసి, కిందికి వంగి రివెట్ల దగ్గర చూడండి. కారితే అక్కడే తెలిసిపోతుంది. ఇంజన్ని మీరు వెళ్ళేసరికి వేడి చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని గుట్టు బయటపడేది.

చుక్కాని:
బరువు మాట నిజమే, నాకు తట్టలేదు. అయినా సముద్రం విషయంలో నా మాట మారదు.

తెరచాప:
కారు పుస్తకం ఇప్పుడే తీసి చూశా: 750 కిలోలు. 19 అడుగులది అన్నీ కలిపితే టన్ను దాటుతోంది. పడవతో పాటు కారూ మార్చడం నా వల్ల కాదు. సముద్రానికి వెళ్ళాలనిపించిన రోజు అద్దెకి తీసుకుంటాం. చుక్కాని గారూ, ఆ రోజుకి 'వి' అడుగుదే అడుగుతాలెండి. ఈ ఆదివారం 14 అడుగులది చూడ్డానికి వెళ్తున్నా. బకెట్ డిక్కీలో వేసేశాను.