ఎంఎస్సీ ప్రాక్టికల్స్‌లో ఇంకా ఈకోఆర్‌వన్, లైగేజేనా? గిబ్సన్ ఎందుకు నేర్పరు?

సౌమ్య_పీహెచ్‌డీ: చాలా కాలేజీల్లో ఇప్పటికీ క్లోనింగ్ ప్రాక్టికల్ అంటే పీయూసీ19 ప్లాస్మిడ్‌ని (బ్యాక్టీరియాలో పెరిగే గుండ్రటి డీఎన్ఏని) ఈకోఆర్‌వన్, హిండ్‌త్రీ అనే కోత ఎంజైములతో కోసి, ముక్కల్ని అతికే టీ4 లైగేజ్ వేసి రాత్రంతా 16 డిగ్రీల దగ్గర పెట్టడమే. డీఎన్ఏ ముక్కల్ని అతికే గిబ్సన్ పద్ధతి 2009లోనే వచ్చింది. ముక్కల చివర్లు 20, 30 బేసులు (డీఎన్ఏ అక్షరాలు) కలిసేలా ప్రైమర్లు (డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్‌లో వాడే చిన్న ముక్కలు) డిజైన్ చేసుకుంటే ఒకే ట్యూబులో 50 డిగ్రీల దగ్గర గంటలో అయిపోతుంది. పాతది సిలబస్‌లోంచి తీసేయాలి.

కర్నూలు మాస్టారు: తీసేయకూడదు. గిబ్సన్‌లో టీ5 ఎక్సోన్యూక్లియేజ్ చివర్లు తినడం, పాలిమరేజ్ ఖాళీలు పూడ్చడం, ట్యాక్ లైగేజ్ అతుకు వేయడం అన్నీ ఒకే ట్యూబులో కలిసి జరుగుతాయి. ప్లేటు మీద బ్యాక్టీరియా కాలనీలు రాకపోతే ఎక్కడ పోయిందో పిల్లలకి ఎలా తెలియాలి? పాత పద్ధతిలో కోసిన వెక్టర్ (ముక్కని మోసే ప్లాస్మిడ్) జెల్ మీద 2,700 బేసుల దగ్గర ఒక్క బ్యాండుగా కనిపిస్తుంది. లైగేజ్ వేయని ప్లేటు ఒకటి పక్కన పెడితే, అందులో కాలనీలు వచ్చాయో లేదో చూసి కోత పూర్తిగా పడిందో లేదో తెల్లారేసరికి తెలుస్తుంది.

బయోటెక్_వరంగల్: వెక్టర్‌ని పీసీఆర్ చేస్తే పాత ప్లాస్మిడ్‌ని తెగ్గొట్టే డీపీఎన్‌వన్ ఎంజైమ్ వేయడం మర్చిపోకండి, లేకపోతే ప్లేటు నిండా పాత ప్లాస్మిడ్ కాలనీలే.

సౌమ్య_పీహెచ్‌డీ: పీసీఆరే చేయాలని ఎవరన్నారు? వెక్టర్‌ని కోసి కూడా వాడొచ్చు.

కర్నూలు మాస్టారు: అంటే కోత ఎంజైమ్ కావాల్సి వచ్చిందిగా అమ్మాయ్! నేను చెప్పేదీ అదే.

గోల్డెన్‌గేట్_ఫ్యాన్: గోల్డెన్‌గేట్ పద్ధతిలో వాడే బీఎస్ఏవన్ అనే కోత ఎంజైమ్ తను గుర్తుపట్టే సైటుకి బయట కోస్తుంది, నాలుగు బేసుల తోకలు మనకి కావాల్సినట్టు పెట్టుకోవచ్చు. కోతా అతుకూ రెండూ ఒకే ట్యూబులో. దీన్ని ఎవరూ పట్టించుకోరేం?

సౌమ్య_పీహెచ్‌డీ: అమ్మాయ్ అనకండి సర్. నా ప్రాజెక్టు కాలమంతా లైగేషన్లకే పోయింది. ఇన్సర్ట్ (వెక్టర్‌లో అతకాల్సిన ముక్క) మధ్యలో కోత సైటు పడింది, ల్యాబ్ మొత్తానికి ఒక్కటే లైగేజ్ బఫర్ ట్యూబు, అందరూ కరిగించడం మళ్లీ గడ్డకట్టించడం, అందులో లైగేజ్‌కి కావాల్సిన ఏటీపీ ఏం మిగులుతుంది? చివరికి నీ చెయ్యి మంచిది కాదన్నారు మా గైడ్. ఆ మాట ఇంకో పిల్ల పడకూడదు.

కర్నూలు మాస్టారు: బఫర్ చిన్న ట్యూబుల్లో పంచుకోకపోతే పద్ధతిదా తప్పు? గిబ్సన్ మిక్స్ పాడైతే దాన్నీ తిడతారా?

సౌమ్య_పీహెచ్‌డీ: పిల్లల ఏళ్లకేళ్లు పోయినా మీకు పద్ధతే ముఖ్యం. మీలాంటి వాళ్ల వల్లే సిలబస్ మారట్లేదు.

కర్నూలు మాస్టారు: సరే, ఉన్నదున్నట్టు చెప్తా. నా క్లాసులో 40 మంది. కిట్ కొంటే ఏడాది రసాయనాల డబ్బులో సగం దానికే పోతుంది. అప్పుడు నేను ఒక్కణ్ణే చేసి చూపించాలి, వాళ్లు చుట్టూ నిలబడి చూడాలి. లైగేజ్ అయితే ప్రతి పిల్లా తన చేత్తో ట్యూబు పెడుతుంది, తన ప్లేటు తనే చూసుకుంటుంది. అది వదులుకోమంటే వదులుకోను.

బయోటెక్_వరంగల్: ఈ మాట మొదటే అని ఉంటే అయిపోయేది.

సౌమ్య_పీహెచ్‌డీ: కిట్ ఎందుకు? మూడు ఎంజైములూ విడిగా కొని, బఫర్ మనమే కలుపుకుని, చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో దాచుకోవచ్చు. అందరికీ ఒకే ప్రైమర్ల సెట్ సరిపోతుంది.

కర్నూలు మాస్టారు: ట్యాక్ లైగేజ్‌ పనిచేయాలంటే ఎన్‌ఏడీ అనే పదార్థం కూడా కావాలి, దాన్నీ కలపండి. మనిషికెంత పడుతుందో లెక్క వేసి పెట్టండి, ఇండెంట్ (కొనాల్సినవాటి జాబితా) పంపేలోపు చూస్తా.

సౌమ్య_పీహెచ్‌డీ: వేస్తాను. ఇన్సర్ట్ మధ్యలో సైటు పడ్డవాళ్లు ఏం చేయాలో మాత్రం మీరింకా చెప్పలేదు.