చెహోవిచ్‌ని "బరోక్ జీనియస్" అనొచ్చా?

రంగులపెట్టె:
2020లో క్రాకోవ్ నేషనల్ మ్యూజియం షిమోన్ చెహోవిచ్ (1689–1775) బొమ్మలతో పెట్టిన ప్రదర్శన పేరు "బరోక్ జీనియస్" (బరోక్ అంటే 17, 18 శతాబ్దాల్లో యూరప్‌లో నడిచిన ఆడంబరమైన కళాశైలి). పోలండ్ బయట పెద్దగా ఎవరికీ తెలియని చిత్రకారుడికి అంత ప్రదర్శన పెట్టడం మంచి పనే. పేచీ అంతా ఆ "జీనియస్" మాటతోనే. ఒసోలిన్‌స్కీ అనే పోలిష్ ప్రభువు అండతో రోమ్ వెళ్లాడు, అక్కడి పేరున్న చిత్రకారుడు కార్లో మరాత్తా బాణీ వంటబట్టించుకున్నాడు, 1731లో తిరిగొచ్చి బతికినంతకాలం అదే బాణీలో వేశాడు. పైకెత్తిన కళ్లు, గుండె మీద చెయ్యి, మబ్బుల్లో దేవదూతలు... అన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. నేర్పరి అనండి, ఒప్పుకుంటాను.

తూర్పుగోడ:
చర్చికి బొమ్మ వేయించుకునేవాళ్లు కొత్త భంగిమ అడగరండీ. చివరి బెంచీలో కూర్చున్నవాడికి కూడా కథ తెలియాలి. పోజ్నాన్ పారిష్ చర్చి పెద్ద ఆల్టర్ (పూజావేదిక) మీద చెహోవిచ్ వేసిన బొమ్మ (1756) చూడండి. భూమి తగాదాలో సాక్ష్యం చెప్పించడానికి చనిపోయిన పియోత్రోవిన్‌ను బిషప్ స్టానిస్లావ్ సమాధిలోంచి లేపుతున్నాడు. అంత ఎత్తున, కొవ్వొత్తుల మధ్య చదవాల్సిన బొమ్మ అది. దాన్ని కంటి ఎత్తులో, స్పాట్‌లైట్ కింద చూసినట్టు తూకం వేస్తే ఎలా?

అస్తరుపూత:
ఎత్తు సంగతి అలా ఉంచండి. ఆ "ఎక్కడో చూసినట్టు" ఉండటంలో కాలం పాలెంతో ముందు తేలాలి. ఆ రోజుల్లో కాన్వాస్ మీద ముందుగా ఎర్రమట్టి రంగు ప్రైమర్ (అడుగుపూత) వేయడం మామూలు. నూనెలో కలిపిన సీసపు తెలుపు ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది, అడుగునున్న ఎరుపు పైకి తేలుతుంది. దాంతో నీడకూ వెలుగుకూ మధ్య ఉండే మెట్లు మునిగిపోయి, తెలుపు దట్టంగా పెట్టిన ముఖాలు, చేతులు మాత్రం తెల్లగా మిగులుతాయి. అంటే మనకు దక్కేది భంగిమే, దాన్నే చూసి కాపీ అంటున్నాం.

దీనికి తోడు పాత మరమ్మతులు. పాతబడ్డ కాన్వాస్ వెనక మరో గుడ్డ పెట్టి, మైనం, రెజిన్ (చెట్టు బంక) కరిగించి, ఇస్త్రీపెట్టెతో అతికించేవారు. ఆ వేడికి, ఒత్తిడికి దట్టంగా పెట్టిన రంగు చదునైపోతుంది. మైనం పీల్చిన ప్రైమర్ మరింత నల్లబడుతుంది, ఇక వెనక్కి రాదు. పక్కనుంచి టార్చి వేసి చూడండి: కుంచె గీతల శిఖరాలు అణిగిపోయి, గుడ్డ నేత పైకి అచ్చుపడి ఉంటే ఆ నిస్సారానికి కారణం చిత్రకారుడు కాదు. ఫ్రేము కింద దాగిన అంచు కూడా చూడాలి. వెలుగు తగలని ఆ సన్నని పట్టీలోనే అసలు నీలం, గులాబీ బతికుంటాయి.

రంగులపెట్టె:
ఇది నాకు తట్టలేదు, నిజమే. కానీ వర్క్‌షాప్ సంగతో? వార్సాలో శిష్యుల్ని పెట్టుకున్నాడు, తర్వాత పేరు తెచ్చుకున్న చిత్రకారుడు స్ముగ్లెవిచ్ కూడా అక్కడ నేర్చుకున్నవాడే. 1760లలో, డెబ్భై దాటాక, పోద్హోర్త్సె కోటలో దాని యజమాని జెవుస్కీ ప్రభువుకి డజన్ల కొద్దీ బొమ్మలు వేశాడు. అన్నీ ఒక్కచేతి పనే అంటే నమ్మను. అన్నీ కలిపి జీనియస్ అనడం సరికాదు.

అస్తరుపూత:
అక్కడ మీతోనే ఉన్నాను. ఏ బొమ్మ ఎవరి చేతిదో వేరుచేయాల్సిందే. కాపీ మాట మాత్రం ఒక్కో బొమ్మ దగ్గర ఆగి తేల్చాలి. పేరున్న చిత్రాల్ని లోహపు రేకు మీద చెక్కి కాగితం మీద తీసే ఎచ్చింగ్, ఎన్‌గ్రేవింగ్ అచ్చుల్లో కుడిఎడమలు తారుమారవుతాయి. చెహోవిచ్ కూర్పు మరాత్తా అసలు చిత్రం వైపుకు సరిపోతే రోమ్‌లో కళ్లారా చూసి తెచ్చుకున్నదై ఉండొచ్చు. తిరగబడి ఉంటే అచ్చు ముందు పెట్టుకుని వేశాడన్న అనుమానం బలపడుతుంది. కొందరు ముందే తిప్పి చెక్కేవారు కాబట్టి, ఏ అచ్చో దొరికేదాకా అదీ అనుమానమే.