అచ్చంపేట నుంచి శ్రీశైలం కాలినడక: రాత్రి మకాం ఎక్కడ, అరికాళ్ల సంగతి ఏంది?

రంగాపూర్ పిల్లగాడు (ప్రశ్న):
శివరాత్రికి అచ్చంపేట నుంచి శ్రీశైలం నడిచిపోదామని ఆరుగురం అనుకుంటున్నం. ఇద్దరు శివమాలలో ఉన్నరు, చెప్పులు వేసుకోరు. మా చిన్నమ్మకు యాభై ఎనిమిదేండ్లు, షుగర్ గోలీలు వాడుతది, వద్దంటే వింటలేదు. సామాన్ల కోసం ట్రాలీ ఆటో వెంట వస్తది. మూడు రోజులు చాలని ఒకరు, ఐదు పడతయని ఒకరు అంటున్నరు. రాత్రిళ్లు ఎక్కడ పండుకోవాలె? బొబ్బలు లేస్తే ఏం చేయాలె? భీముని కొలను మీదుగా అడవి దారి ఉందంట, అది మనకు దగ్గరనా?

మన్ననూరు గేటు:
తమ్మీ, ముందు భీముని కొలను ముచ్చట పక్కన పెట్టు. అది కృష్ణకు అవతలి ఒడ్డు. ఆత్మకూరు దిక్కు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా కైలాసద్వారం ఎక్కే దారి. ఉగాదికి కన్నడ భక్తులు వచ్చేది అటునుంచే. మనకు తారు రోడ్డే గతి.

మొత్తం కిలోమీటర్లను రోజులతోని భాగించకు, అందరూ చేసే తప్పు అదే. సమానంగా పంచితే ఫరహాబాద్ అడవి నడుమ పొద్దు గూకుతది. నెత్తిమీద కప్పు, నీళ్లు, మనుషులు ఉన్న ఊరు ఎక్కడ ఉంటే అక్కడికే ఆ రోజు నడక. అట్ల లెక్క తీస్తే నాలుగు రోజులు.

మొదటి రోజు మన్ననూరు వరకే. ఊళ్ల నడుమ దారి కాబట్టి తెల్లవారుజామున 4కే బయలుదేరొచ్చు. ఓపిక మిగిలిందని గేటు దాటి ముందుకు పోవద్దు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు కాడ బండ్లను ఆపుతరు. జాతరప్పుడు సడలింపు ఇచ్చినా అది బండ్లకే అనుకో. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది, చిరుత, ఎలుగుబంటి తిరుగుతయి.

రెండో రోజు 6కి గేటు దాటి వటవర్లపల్లి చేరాలె. నాలుగు రోజుల్ల కష్టమైంది ఇదే. మన్ననూరు నుంచి శ్రీశైలం 75 కిలోమీటర్ల పైచిలుకు ఉంటది, దాంట్ల సగానికి కొంచెం ముందు ఈ ఊరు. నడుమ దుకాణాలు తక్కువ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు చేతిల ఉండాలె. ట్రాలీల ఉన్నయి కదా అంటే, దప్పికైనప్పుడు ట్రాలీ రెండు కిలోమీటర్ల ముందుంటది.

మూడో రోజు దోమలపెంట. పొద్దు ఉంటే ఈగలపెంట దాకా పోవచ్చు, కానీ ఆ సాయంత్రమే ఘాట్ దిగొద్దు. నడిచి నడిచి అలసిన మోకాళ్లతోని దిగితే మరునాడు మెట్టు ఎక్కనియ్యవు. ఎక్కుడు కంటే దిగుడే మోకాలి చిప్పను ఎక్కువ నలుపుతది, తొడ కండ బిగబట్టి ఒంటి బరువును ఆపాలె కాబట్టి. నాలుగో రోజు పొద్దుగాల్నే చేతికర్రతోని, చిన్న అడుగులేసుకుంట దిగండి. డ్యామ్ కింద వంతెన దాటి, ఎండ ముదరకముందు సున్నిపెంట ఎక్కి, అక్కడ నడుం వాల్చి సాయంత్రం శ్రీశైలం చేరండి.

శివరాత్రి రోజుల్ల దారిపొడుగున అన్నదానం పందిళ్లు ఉంటయి, పండుకోను బడులు, గుడి మండపాలు దొరుకుతయి. ముందుగాల ఒకరిని పంపి అడిగి పెట్టుకోండి. నేల చల్లగుంటది, దుప్పటి కంటే కింద పరిచే పట్ట ముఖ్యం.

పాదాల పని:
బొబ్బకు మూడు కారణాలు: రాపిడి, తడి, వేడి. మొదటిది తప్పదు, మిగతా రెండూ మన చేతిలో ఉన్నాయి.

చాలామంది చేసేది ఏమిటంటే, మధ్యాహ్నం ఆగగానే బోరు కింద కాళ్లు పెట్టి పది నిమిషాలు నానబెడతారు. హాయిగానే ఉంటుంది. కానీ నానిన చర్మం మెత్తబడి, మళ్లీ నడక మొదలుపెట్టగానే పొరలు విడిపోతాయి. దారి మధ్యలో కడిగితే వెంటనే వేళ్ల సందులతో సహా తుడిచి ఆరబెట్టండి. నానబెట్టుకోవడం రాత్రి, ఆ రోజు నడక అయిపోయాకే.

చెప్పులున్నవాళ్లు కొత్త జత కొనొద్దు, నెల రోజులైనా వాడినవే వేసుకోండి. మడమ వెనక, బొటనవేలి పక్కన చురుక్కుమంటే ‘ఇంకో కిలోమీటరు పోదాం’ అనకుండా అక్కడే ఆగి మైక్రోపోర్ టేపు ముడతలు లేకుండా అంటించండి. ముడత పడితే ఆ ముడతే బొబ్బ లేపుతుంది. వేళ్ల మధ్య, తొడల లోపలి వైపు వ్యాసలీన్ రాయండి. తడి పంచెతో నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి. అది బొబ్బ కంటే బాధ.

చిన్న బొబ్బను ముట్టుకోవద్దు. పెద్దదై బిగిసి అడుగు వేయనివ్వకపోతే బెటాడిన్‌తో తుడిచి, కొత్త సిరంజి సూదితో అంచు దగ్గర కిందివైపు పొడిచి నీరు తీయండి. పై తోలు కత్తిరించవద్దు, లోపలి పచ్చి చర్మానికి అదే కట్టు. పైన గాజ్ (పలచటి కట్టు గుడ్డ) వేసి టేపు వేయండి. రసి పసుపుగా మారినా, చుట్టూ ఎరుపు పాకినా ట్రాలీ ఎక్కి డాక్టర్ దగ్గరికి పోవడమే.

స్వాములకు ఒక మాట: పది దాటాక తారు మీద నడక ఆపి, నాలుగు తర్వాత మళ్లీ మొదలుపెట్టండి. తప్పనప్పుడు రోడ్డు అంచున ఉండే తెల్ల గీత మీద నడవండి, నల్ల తారు కంటే చల్లగా ఉంటుంది. ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడిపక్కనే పోవాలి.

గంటకు ఒకసారి పది నిమిషాలు ఆగండి. ఆగినప్పుడు కాళ్లు చాపి మూట మీద ఎత్తుగా పెట్టుకోవాలి. అరగంట కూర్చుంటే పిక్కలు బిగుసుకుని లేవడమే గగనం.

మందుల మాట:
మీ చిన్నమ్మగారి సంగతి అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది. పొద్దంతా నడిస్తే షుగర్ దానంతటదే పడిపోతుంది. దానిపైన ఏకభుక్తం, మామూలు డోసు గోలీ (ముఖ్యంగా గ్లిమెపిరైడ్ రకం) కలిస్తే దారిలోనే కింద పడిపోవచ్చు. బయలుదేరే ముందు డాక్టర్‌ను అడిగి ఆ నాలుగు రోజుల డోసు రాయించుకోండి. ఉపవాసం వద్దు, రెండు మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి.

చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే ఎండ అనుకోకండి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు గ్లూకోమీటర్‌తో చూడండి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. అడవిలో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి ట్రాలీ ఆమెను దాటి ముందుకు పోకూడదు.

ఒట్టి కాళ్లతో మాత్రం నడవనివ్వకండి. షుగర్ ఉన్నవాళ్లకు అరికాలి స్పర్శ తగ్గి ఉండొచ్చు, అప్పుడు కాలినా తెలియదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు ఇంకొకరు టార్చి వేసి చూడాలి. ఆమెకు బొబ్బ లేస్తే సూదితో పొడవడం కూడా వద్దు.

మిగతావాళ్లకు: ఒట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే ఉప్పు పలచబడి పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో సగం పొట్లం వేయడం కాదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టినవే. ఉప్పేసిన మజ్జిగ కూడా మంచిదే.

రంగాపూర్ పిల్లగాడు:
చాల థాంక్స్ అన్నలూ. నాలుగు రోజులే ఖాయం. పొయ్యి, సిలిండర్ ట్రాలీల ఏసుకుంటే నడుమ వండుకోవచ్చా?

మన్ననూరు గేటు:
అడవిల వద్దు తమ్మీ. మాఘం చివరికి ఆకు రాలి ఎండి ఉంటది, ఒక్క నిప్పురవ్వ చాలు. మన్ననూరుల, వటవర్లపల్లిల వండుకోండి. నడుమ తినేటందుకు అటుకులు, పుట్నాలు, బెల్లం, పల్లిపట్టీలు. ప్లాస్టిక్ సీసాలు కాదు, స్టీల్ సీసాలు తెచ్చుకోండి. కోతులు కనపడ్డకాడ సంచి ఇప్పొద్దు, ఒక్కదానికి అరటిపండు ఇస్తే మంద మొత్తం ఎంటపడతది. స్వాములు ఇరుముడి నెత్తిమీద పెట్టుకున్నా పట్టు వదలొద్దు, కొబ్బరికాయ వాసన అవి దూరం నుంచే పడతయి.