బెల్టు కొత్తదే, అయినా కీచుమంటోంది. లోపం ఎక్కడ వెతకాలి?

తెల్లకారు

పెట్రోలు కారు, 92,000 కి.మీ. నడిచింది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు, వాటర్ పంపు, ఏసీ కంప్రెసరు, పవర్ స్టీరింగ్ పంపు నాలుగింటినీ తిప్పేది ఒకటే బెల్టు, ఆరు రిబ్బులది (లోపలి వైపు పొడవునా ఆరు గట్లు). చప్పుడు వస్తోందని మూడు వారాల కిందట దాన్ని మార్చాను. నాలుగు రోజులు నిశ్శబ్దం, మళ్ళీ మొదలు. పొద్దున స్టార్ట్ చేయగానే ఎక్కువ. వేడెక్కాక తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. టెన్షనరు (బెల్టుని బిగువుగా ఉంచేది), ఐడ్లరు (బెల్టుని దారి మళ్ళించే చక్రం) పాతవే ఉన్నాయి. బెల్టు మీద కొట్టే స్ప్రే వాడమని ఒకరు, టెన్షనరు మార్చమని ఇంకొకరు అంటున్నారు. ఊరికే ఒక్కో భాగం మార్చుకుంటూ పోకుండా తప్పు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి చెప్పండి.

పానా13

స్ప్రే వద్దండి. అది బెల్టుకి జిగురు పూస్తుంది, అంతే. రెండు రోజులు చప్పుడు ఆగుతుంది, తర్వాత ఆ జిగురుకి దుమ్ము పట్టి పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) గాడుల్లో పేరుకుంటుంది. అప్పుడు అసలు లోపానికి తోడు ఇంకో లోపం.

కొత్త బెల్టు వేశాక కూడా చప్పుడు తిరిగొచ్చిందంటే బెల్టు నేరం కాకపోవచ్చు. అరిచేది బెల్టే, అరిపించేది వేరే. ముందు అరుపు ఏ రకమో వినండి. పిచ్చుక అరిచినట్టు కిచ్ కిచ్ కిచ్ అని తెగి తెగి వస్తూ, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ దగ్గరదగ్గరగా పడుతుంటే పుల్లీలు ఒకే వరుసలో లేవు. కీ…చ్ అని సాగదీసి వస్తూ, ఏసీ వేసినప్పుడో స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడో గట్టిపడితే బెల్టు జారుతోంది.

చెవికి తెలియకపోతే నీళ్ళు చెప్తాయి. స్ప్రే సీసాలో మామూలు నీళ్ళు తీసుకోండి. ఇంజను స్లో రన్నింగ్‌లో ఉండగా, దూరంగా నిలబడి, బెల్టు రిబ్బులున్న వైపు ఒక్కసారి చిమ్మండి. చప్పుడు ఆగి కొన్ని సెకన్లకి తిరిగొస్తే వరుస తప్పింది. చిమ్మగానే అరుపు పెరిగితే బిగువు చాలడం లేదు. ఏ మార్పూ లేకపోతే బేరింగుల వైపు చూడాలి. కారణం సులువే: వరుస తప్పినప్పుడు రిబ్బు పక్కలు గాడి గోడకి పొడిగా రాసుకుని అరుస్తాయి, తడి పడితే ఆ రాపిడి తగ్గుతుంది. బిగువు లేని బెల్టుకి మాత్రం తడి ఇంకా పట్టు తప్పిస్తుంది.

చొక్కా చేతులు, చున్నీ, గొలుసు ఏదీ వేలాడకూడదు. రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, ఆ దగ్గర్లో చెయ్యి పెట్టొద్దు.

గాడీతప్పని

నీళ్ళ పరీక్షకి ముందు ఒక్కటి చూడండి. బెల్టు మార్చినప్పుడు ఏదో ఒక పుల్లీ మీద ఒక గాడి పక్కకి కూర్చోలేదు కదా? ఇది చాలా మామూలు తప్పు. రిబ్బుల మధ్య దూరం 3.56 మి.మీ. మాత్రమే, పైనుంచి చూస్తే కంటికి ఆనదు. బెల్టుని నడిపే క్రాంక్ పుల్లీ అయితే కిందెక్కడో ఉంటుంది, అద్దం, టార్చి ఉంటే తప్ప కనపడదు. ఒక రిబ్బు అంచు బయటికి వేలాడుతుంటే అదే మీ చప్పుడు. అలా నడిపితే కొద్ది రోజుల్లోనే ఆ రిబ్బు చీలుతుంది.

తర్వాత బెల్టు వెనక అచ్చువేసిన నంబరు. ఉదాహరణకి 6పీకే1795 అంటే ఆరు రిబ్బులు, పీకే అనేది రిబ్బు ఆకారం, పొడవు 1795 మి.మీ. ఏసీ లేని మోడలుకీ ఉన్న మోడలుకీ ఈ పొడవు వేరుగా ఉంటుంది. పాత బెల్టు పక్కన పెట్టి చూసి తెచ్చుకోవద్దు, వాడిన బెల్టు అరిగి కొంత సాగి ఉంటుంది. మీ ఇంజనుకి రాసిన నంబరే సరైనది.

టెన్షనరు: దాని ఒంటి మీద ఒక సూచిక, దానికి రెండు హద్దు గీతలు చాలా కార్లకి ఉంటాయి. సూచిక గీతల బయట ఉంటే బెల్టు పొడవు తప్పయినా కావాలి, స్ప్రింగు నీరసపడైనా ఉండాలి. ఇంజను ఆపి పానాతో టెన్షనరు చేతిని (దాని పుల్లీని మోసే భాగాన్ని) తిప్పండి. పట్టుకోకుండా, గీరుకోకుండా మెత్తగా కదలాలి, వదిలితే గట్టిగా వెనక్కి రావాలి. పివట్ (ఆ చెయ్యి తిరిగే ఇరుసు) చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటే లోపలి బుష్ అరిగిపోయింది, ఆ చెయ్యి వంకరగా నిలబడి బెల్టుని పక్కకి తోస్తుంది. ఇంజను నడుస్తుండగా టెన్షనరు చెయ్యి కాస్త వణకడం సహజం. ఊగిపోతుంటే మాత్రం లోపలి డ్యాంపింగ్ (ఊపు అణిచే ఏర్పాటు) పోయినట్టు.

టెన్షనరే లేని కార్లు కూడా ఉన్నాయి. వాటికి సాగే బెల్టు, ప్రత్యేక పనిముట్టుతో ఎక్కిస్తారు. ఒకసారి తీస్తే కోసి తీసేయడమే, మళ్ళీ వేయకూడదు. మీదానికి టెన్షనరు ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

రాత్రిపాళీ

పైవాళ్ళు చెప్పని రెండు సంగతులు.

ఒకటి, గాడుల్లో మురికి. కూలెంటు గానీ స్టీరింగ్ ఆయిలు గానీ కొద్దిగా కారినా పుల్లీల్లో పట్టి ఉంటుంది, కొత్త బెల్టు వేసినా నాలుగు రోజులకే మొదలవుతుంది. మీరు చెప్పిన వరస అచ్చం ఇలాగే ఉంది. బెల్టు తీసి ప్రతి గాడినీ బ్రేక్ క్లీనరు, గుడ్డతో తుడవండి. తడి బెల్టుకి ఎక్కకుండా బాగా ఆరనివ్వండి. కారుడు ఎక్కడో కనిపెట్టకుండా తుడిచినా మళ్ళీ అదే కథ. ఆయిలు పీల్చిన బెల్టు మాత్రం కడిగితే బాగుపడదు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

రెండు, ఆల్టర్నేటర్ పుల్లీ. చాలా కార్లలో అది ఒక్క వైపే పట్టే పుల్లీ, రెండో వైపు వదులుగా తిరగాలి. ఇంజను ఒక్కసారిగా నెమ్మదించినా ఆల్టర్నేటరు తన వేగంతో తాను తిరుగుతూ బెల్టుని కుదపకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. లోపల బిగుసుకుపోతే ప్రతి కుదుపూ బెల్టుకి, టెన్షనరుకి చేరుతుంది. ముందరి ప్లాస్టిక్ మూత తీసి, రోటరు (ఆల్టర్నేటరు లోపల తిరిగే భాగం) కదలకుండా పట్టుకుని పుల్లీని తిప్పి చూడండి. రెండు వైపులా పట్టేసినా, రెండు వైపులా వదిలేసినా పాడైనట్టే. కొన్నింటికి మామూలు గట్టి పుల్లీయే ఉంటుంది, అది రెండు వైపులా పట్టే ఉంటుంది, అది చూసి పాడైందనుకోకండి.

ఇక చప్పుడు బెల్టు వరసలోదా, ఇంజను లోపలిదా అనే అనుమానం ఉంటే బెల్టు తీసి ఇంజను 20 సెకన్లు నడపండి. చప్పుడు పోతే ఈ పుల్లీల్లోనే ఉంది. వాటర్ పంపు ఈ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి అంతకన్నా ఎక్కువ వద్దు. బ్యాటరీ లైటు వెలుగుతుంది, కంగారు పడకండి.

పానా13

@రాత్రిపాళీ, ఆ 20 సెకన్ల పరీక్ష చల్లని ఇంజను మీదే చేయమనండి. వేడి మీద ఉన్న ఇంజనుకి నీళ్ళు తిరగకపోతే ఆ కాసేపు కూడా మంచిది కాదు.

తెల్లకారు

అన్నీ చేశాను. నీళ్ళు చిమ్మితే చప్పుడు ఆగింది, ఆరేడు సెకన్లకి తిరిగొచ్చింది, మూడుసార్లూ అంతే. గాడులు సరిగ్గానే కూర్చున్నాయి, నంబరు సరైనదే, టెన్షనరు సూచిక గీతల మధ్యే ఉంది, పివట్ దగ్గర పొడి లేదు. ఆయిలు, కూలెంటు కారిన ఆనవాలు లేదు. ఆల్టర్నేటర్ పుల్లీ ఒక్క వైపే పట్టుతోంది. బెల్టు తీసి ఐడ్లరు తిప్పితే గరగర లేదు, కానీ అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపితే కొద్దిగా ఆడుతోంది. బెల్టు ఒక అంచు మెరుస్తోంది.

గాడీతప్పని

దొరికింది. చాలా ఐడ్లర్ల మీద గాడులుండవు, బెల్టు నున్నటి వీపు వాటి మీద పోతుంది. ఐడ్లరు ఒరిగితే బెల్టుని పక్కకి నడిపిస్తుంది, తర్వాతి గాడుల పుల్లీలోకి రిబ్బులు వంకరగా దిగుతాయి, అక్కడే కిచకిచ. చేత్తో తిప్పినప్పుడు గరగర లేకపోవడం చూసి మోసపోవద్దు. బెల్టు బిగువు లేనప్పుడు అరిగిన బేరింగు కూడా మెత్తగానే తిరుగుతుంది.

అయినా ఐడ్లరు కొనేముందు ఆడేది బేరింగా, బోల్టా, బ్రాకెట్టా చూడండి. పుల్లీ ఊపినప్పుడు బోల్టు తల కూడా కదిలితే బోల్టు వదులు, లేదా బ్రాకెట్ పగిలింది. తల కదలక పుల్లీ మాత్రమే ఆడితే బేరింగు.

వరుస నిర్ధారించడానికి సన్నటి తిన్నని కడ్డీ ఒకటి క్రాంక్ పుల్లీ గాడిలో ఆనించి పక్క పుల్లీ గాడి వైపు చూడండి. పుల్లీ ముఖాల మీద స్కేలు పెట్టి కొలవద్దు, అంచుల మందం పుల్లీకీ పుల్లీకీ తేడా ఉంటుంది. ఈ పని చేసేటప్పుడే క్రాంక్ పుల్లీ లోపలి రబ్బరు వలయం పగుళ్ళివ్వలేదు కదా, నడిచేటప్పుడు పుల్లీ తొణకడం లేదు కదా చూసుకోండి.

బెల్టు అంచు మెరవడం వరకే అయితే అదే వాడుకోవచ్చు. దారపు పోగులు బయటికి వచ్చి ఉంటే మాత్రం మార్చాల్సిందే. ఇప్పటి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులు పాత నియోప్రీన్ బెల్టుల్లా పగలవు, టైరులా అరుగుతాయి. అందుకని పగుళ్ళు లేవని బాగుందనుకోకూడదు, రిబ్బుల లోతు కూడా చూడాలి.

బిగించేటప్పుడు బోల్టుని మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు కొలతకే) టార్క్ రెంచితో బిగించండి. బెల్టు ఎక్కించాక ఇంజను స్టార్ట్ చేసే ముందు క్రాంక్ బోల్టుకి పానా పెట్టి, ఇంజను తిరిగే వైపుకే రెండు చుట్లు చేత్తో తిప్పి, ప్రతి పుల్లీలో రిబ్బులు కూర్చున్నాయో మళ్ళీ చూడండి. తర్వాత నీళ్ళ పరీక్ష ఇంకోసారి. పాత ఐడ్లరు తీసేటప్పుడు దాని వెనక వాషరు ఉందేమో తప్పక చూసుకోండి. అది పడిపోయి కొత్తది నేరుగా బ్రాకెట్టుకి ఆనితే పుల్లీ లోపలికి జరుగుతుంది, కొత్త బేరింగుతో పాత కిచకిచే వస్తుంది.