ఉత్త సెలైన్ ఇచ్చిన పురుగులే నల్లబడి చస్తున్నాయి!

ప్రశ్న:
హన్మకొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేస్తున్నాను. కాండిడా ఆల్బికన్స్ ఫంగస్ ఎక్కించాక ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు ఇస్తే ఎన్ని పురుగులు బతుకుతాయో చూడటం నా ప్రాజెక్టు. ఎలుకలకు అనుమతులు తేవడం మా వల్ల కాదు, అందుకే గలేరియా, అదే తేనెపట్లను తినేసే మైనపు పురుగు. నర్సంపేట వైపు తేనెటీగలు పెంచే ఒకాయన ఈ పురుగులు పట్టి పాడైన తేనెపట్టు ఊరికే ఇచ్చారు. ఆయనకు పట్టిన శని నాకు ప్రాజెక్టు అయింది. మధ్యాహ్నం ఎండలో బండి డిక్కీలో తెచ్చి, సాయంత్రమే సూదులు వేసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాను. తెల్లారేసరికి, పోల్చి చూడటానికి ఉత్త సెలైన్ ఇచ్చిన పదింటిలో ఆరు బొగ్గులా ఉన్నాయి. కాండిడా ఇచ్చినవాటిలో ఏడు. గైడ్‌కు ఏం చూపించాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్మీ, ఏడుకూ ఆరుకూ తేడా వెతక్కు, ఈ బ్యాచ్ వదిలెయ్. మూడేళ్లు వీటితోనే గడిపాను, చెబుతున్నా.
నలుపంటే మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం. ఒంట్లోకి ఏదైనా చొరబడితే పురుగు చేసే ఎదురుదాడి అది. మన తెల్లకణాల్లాగే దాని హీమోసైట్లు ఫంగస్‌ను మింగుతాయి కాబట్టే మనకది పనికొస్తోంది. యాంటీబాడీలు మాత్రం ఉండవు. నల్లబడ్డంత మాత్రాన చచ్చినట్టు కాదు, ముట్టుకుంటే కదలకపోతేనే చచ్చినట్టు రాసుకో.
నీ సూది ఏది? ఇన్సులిన్ సిరంజితో 10 మైక్రోలీటర్లు కచ్చితంగా రావు. చివరి జత కాళ్లలో ఎడమదాని మొదట్లో గుచ్చాలి. లోతుకు దిగి పేగు చిరిగిందా, ఇక ఫంగస్‌తో పనేలేదు, పేగులోని బ్యాక్టీరియానే చంపుతుంది. అసలు సూదే వేయనివి కొన్ని పక్కన పెట్టావా? అవి ఎలా ఉన్నాయి?

జవాబు 2:
పట్టుపురుగులు వాడొచ్చు కదా? మా మహదేవపూర్ వైపు దసలి పట్టుకు లోటు లేదు.

జవాబు 1:
జపాన్‌లో పట్టుపురుగులు వాడారన్నా, కానీ అవి మల్బరీవి. దసలివి మద్దిచెట్ల మీద ఆరుబయట పెరిగేవి, ల్యాబులో సాకడం కష్టం. పైగా మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలను మైనపు పురుగు హాయిగా తట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, సూది వేయనివి ఐదు డబ్బాలోనే మిగిలాయి. ఇప్పుడే చూశా, మూడు నల్లబడ్డాయి.

జవాబు 1:
అయితే నీ డిక్కీయే వాటిని దెబ్బతీసింది. బతికినవీ కుదుపులకు, వేడికి బెదిరినవే, వాటి రోగనిరోధకశక్తి ముందే రేగి ఉంటుంది, ఫలితం నమ్మలేం. తేనెపట్టుకు ఆ తేనెటీగలాయన ఏ మందు కొట్టారో కూడా అడుగు. టైముంటే గోధుమ తవుడు, తేనె, గ్లిజరిన్ కలిపి పెట్టి ఒక తరం నువ్వే పెంచుకో, నెలన్నర పడుతుంది. 200 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్యవి, ఒంటి మీద మచ్చ లేనివే తీసుకో.

ప్రశ్న అడిగినవారు:
నెలన్నరా! సబ్మిషన్ రెండు నెలల్లో ఉంది. ఆదివారం తెల్లవారుజామునే బస్సులో వెళ్లి తెస్తా, డబ్బా ఒళ్లో పెట్టుకుని.