శిఖం పట్టాదార్లను ఒప్పించి చెరువు పక్షుల్ని కాపాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గట్టుమీద_గువ్వ: మాది శంకర్‌పల్లి దాటాక వచ్చే ఊరు. చలికాలంలో మా చెరువుకి పట్టీతల బాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. నీళ్లు తగ్గి బురద తేలే చోటే వాటికి తిండి. ఆ బురదంతా శిఖం పట్టా భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేలే కానీ రైతుల పేరు మీద పట్టా ఉంది. జనవరి రాగానే దున్ని వరి వేస్తారు, అది వాళ్ల హక్కు. బాతులు నారుమడి మీద పడితే పటాకులు కాలుస్తారు. బోర్డు పెట్టిద్దామంటే సర్పంచ్ నవ్వాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పటాన్‌చెరు_పిట్ట: ముందు అమీన్‌పూర్ చెరువు చూసి రండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో పట్టణ చెరువుకి ఆ హోదా రావడం అదే మొదటిసారి. హోదా వచ్చింది చెరువుకి, చుట్టూ ఉన్న భూమికి కాదు. ఇప్పుడు గట్టు దిగితే అపార్ట్‌మెంట్లే. రాజహంసలు వచ్చినప్పుడు మాత్రం పేపర్లో ఫొటో పడుతుంది.

యాసంగి_రైతు: నేను శిఖం పట్టాదారునే, మనసులో మాట చెప్తా. మీరు పిట్టల పేరెత్తితే మాకు వినపడేది ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) సర్వే. 1996లో జంట జలాశయాల చుట్టూ కట్టడాలపై ఆంక్షలు పెడుతూ 111 జీవో వచ్చాక 84 ఊళ్లలో పర్యావరణం అంటే రేటు రాని భూమి అన్నట్టయింది. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ జీవో ఇచ్చినా ఆ భయం పోలేదు. కాబట్టి కెమెరాలు, అధికారులు లేకుండా రండి. మొత్తం భూమి వదలమనకండి. నీటి అంచున ఒక పట్టీ ఫిబ్రవరి ఆఖరు దాకా దున్నకుండా ఉంచమనండి. పంట ఆలస్యమైతే ఎంత నష్టమో రైతునే చెప్పమనండి. నారుమడికి వల మీరు కొనివ్వండి. వల ఉంటే పటాకులెందుకు? పటాకులకు డబ్బులు మావే కదా.

చట్టం_చదివినోడు: 2002 సవరణతో వన్యప్రాణి చట్టంలోకి కమ్యూనిటీ రిజర్వ్ (ఊరివాళ్ల భాగస్వామ్యంతో కాపాడే రక్షిత ప్రాంతం) వచ్చింది. ప్రైవేటు భూమిలో అయినా యజమాని ఇష్టపడి ముందుకొస్తే ప్రకటించవచ్చు. కానీ ఒకసారి ప్రకటించాక భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, పైన ప్రభుత్వ ఆమోదం కావాలి. భూమి రేట్లున్న ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల దీనికి ఎవరు సంతకం పెడతారు? మీ ఊళ్లో ఈ మాటే ఎత్తకండి.

మాండ్యా_అల్లుడు: కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు ఉంది కదా, మా అత్తగారి ఊరికి దగ్గర. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యలో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. చింతపండు పోతుంది కాబట్టి చెట్టు యజమానికి అటవీశాఖ ఏటా కొంత ఇస్తుంది. ఇచ్చేది పెద్ద మొత్తమేం కాదు. చెట్ల కింద గుంతలు తవ్వి రెట్టను ఎరువుగా వాడుకోవడం కూడా ఉంది. మన వీరాపురంలో అయితే (చిలమత్తూరు దగ్గర) అసలు డబ్బు ప్రసక్తి లేకుండానే తరతరాలుగా కొంగల్ని కాపాడుతున్నారు. ఆ నమ్మకం మీ ఊళ్లో లేకపోతే కొత్తగా పుట్టించలేరు. డబ్బు దారే పట్టండి.

వలవేసే_మల్లేష్: అందరూ రైతు గురించే రాస్తున్నారు. నీళ్లున్నన్నాళ్లు చెరువు మత్స్య సహకార సంఘానిది. చేపపిల్లల్ని వదిలాక కొంగలు, నీటికాకులు తింటుంటే ఎవరికి కడుపు మండదు? మా సంఘంలో అనుకున్నది ఏంటంటే, పక్షులు రాత్రి దిగే మూల వైపు వలలు వదిలెయ్యడం లేదు. తెగిన వల ముక్కలు నీళ్లలో పారేయడం మానేశాం. వాటిలోనే బుడుబుంగలు చిక్కి చచ్చేది. ఇంకోటి, పూడిక తీసేటప్పుడు చెరువంతా ఒకే లోతు చేయనివ్వకండి. మిషన్ కాకతీయలో (చెరువుల పూడికతీత పథకం) మట్టి తీసుకుపోయిన చోట్ల అంచు నిట్టనిలువుగా అయింది. అక్కడ కాళ్లు ఆనని కొంగ ఏం తింటుంది? ఒకవైపు ఏటవాలుగా వదలమని ఇంజనీర్‌ని అడిగితే ఖర్చు కూడా తగ్గుతుంది.

మోమిన్‌పేట_గొర్లు: ఎంకతల వైపు గడ్డి నేలల సంగతి వేరు. అక్కడికి చలికాలంలో పిల్లిగద్దలు వస్తాయి. ఖాళీగా ఉంది కదా అని మొక్కలు నాటితే గడ్డిపిట్టలు పోయినట్టే. గొర్లకాపరులు మేపబట్టే ఆ గడ్డి అలా ఉంది. వాళ్లను వెళ్లగొట్టి పక్షుల్ని కాపాడతామనేవాళ్లతో నాకు పడదు.

బంజారా_లెన్స్: లొకేషన్ పంపితే వీకెండ్ వస్తాం, డ్రోన్ ఉంది.

పటాన్‌చెరు_పిట్ట: దయచేసి పంపకండి 🙏

గట్టుమీద_గువ్వ: ముగ్గురు పట్టాదార్లు కూర్చున్నారు, చెరువు తూర్పు అంచు వరకు సరే అన్నారు. మత్స్య సంఘం పెద్దమనిషి మాత్రం పిట్టల మీద పడే కుక్కల సంగతి ముందు చూడమన్నాడు. కోళ్లఫారం వాళ్లు చచ్చిన కోళ్లు గట్టు మీద పారేస్తున్నారట, కుక్కలు వాటి కోసమే మరిగాయి. ఫారం ఓనరుతో మాట్లాడుతున్నా. డబ్బు విషయంలో ఒక సందేహం. ఊరి నుంచి సిటీకి వెళ్లిన మా వాళ్లు కొందరు ఇస్తామన్నారు. పంచాయతీ ద్వారా ఇవ్వాలా?

యాసంగి_రైతు: వద్దు. నేరుగా రైతు ఖాతాలో వేయండి. సగం దుక్కికి ముందు, సగం మార్చిలో. కాగితం రాసుకుంటే అందులో కౌలు అన్న మాట మాత్రం రానివ్వకండి. అది కనపడితే పట్టాదారు లేచి వెళ్లిపోతాడు. పంట ఆలస్యమైనందుకు పరిహారం అని రాయండి, ఏ ఏడాదికి ఆ ఏడాది.