కమలా జ్యూస్ పోసి చేసిన ఎనర్జీ బాల్స్ మూడో రోజుకే పులిసిపోయాయి, మీరెలా చేస్తున్నారు?

పొద్దున్నే_పరుగు
అందరికీ నమస్తే. వారంలో నాలుగు రోజులు పొద్దున్నే రన్నింగ్, అట్నుంచి అటే ఆఫీసు, మధ్యలో కూర్చుని తినే టైం దొరకట్లేదు, కొన్న బార్లేమో గొంతు దిగనంత తీపి, అందుకని ఇంట్లోనే చేసుకుందామని ఆదివారం ఖర్జూరం, బాదం, ఓట్స్ మిక్సీలో వేసి, ఫ్రెష్‌గా ఉంటుంది కదా అని రెండు కమలాపండ్ల రసం పిండేశా. ముద్ద జారుగా అయిపోయింది. సరేలే అని ఇంకో కప్పు ఓట్స్ కలిపి ఎలాగోలా ఉండలు చుట్టి డబ్బాలో పెట్టి బ్యాగులో పడేశా, ఫ్రిజ్‌లో పెట్టలేదు. మొదటి రోజు బానే ఉన్నాయి. బుధవారం మూత తీస్తే పులిసిన వాసన, ఒకదాని మీద తెల్లగా బూజు. పైగా ఇంత చేస్తే కమలా రుచే తెలియలేదు, ఓట్స్ రుచి తప్ప ఏం లేదు. బూజు పట్టింది ఒక్కటే కదా, దాన్ని తీసేసి మిగతావి తినొచ్చా? అసలు ఎక్కడ తప్పు చేశా?

వంటింటి_సైన్సు
ముందు ఆ డబ్బా మొత్తం పారేయండి. మెత్తటి పదార్థాల్లో బూజు పైకి కనిపించేదానికంటే లోపలికి ఎక్కువ పాకి ఉంటుంది, పక్కనున్నవి బాగా కనిపించినా నమ్మలేం, పైగా పులిసిన వాసన వచ్చిందంటున్నారు.

తప్పు రసం దగ్గరే జరిగింది. కమలాపండులో దగ్గర దగ్గర 87 శాతం నీళ్ళే. ఖర్జూరం అన్నాళ్ళు ఎందుకు నిల్వ ఉంటుందంటే అందులో చక్కెర చాలా ఎక్కువ, ఉన్న కాస్త తడినీ ఆ చక్కెరే పట్టుకుని కూర్చుంటుంది, క్రిములకి వాడుకోడానికి ఏం మిగలదు. మీరు రసం పోసి వాటికి నీళ్ళ ట్యాంకు తెరిచారు :) ఓట్స్ కలిపితే ముద్ద గట్టిపడినట్టు చేతికి తెలుస్తుంది కానీ నీళ్ళు ఎక్కడికీ పోవు, ఓట్స్ లోపలే ఉంటాయి.

ఇక రుచి సంగతి. కమలా వాసన ఎక్కువగా ఉండేది తొక్కలో, రసంలో కాదు. పైన రంగు ఉన్న పొరలో చిన్న చిన్న నూనె తిత్తులుంటాయి, ఆ నూనెలో 90 శాతానికి పైగా లిమొనీన్ అనే పదార్థం. చిన్నప్పుడు తొక్క వంచి ఒకళ్ళ కళ్ళలో ఒకళ్ళం చిమ్ముకునేవాళ్ళం చూడండి, అదే. కాబట్టి రసం మానేసి తొక్క తురుము వేయండి, నీళ్ళు చేరవు, వాసన మాత్రం గది దాటుతుంది.

నైట్‌షిఫ్ట్_నాని
రెండేళ్ళు చేశా ఇదే తప్పు. రసం వేయడం, ఓట్స్ కలపడం, మళ్ళీ చప్పగా ఉందని రసం వేయడం. చివరికి రెండు బాల్స్ కోసం మొదలెడితే బేసినెడు అయ్యేది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
నేను తొక్క తురుమే వేస్తా కానీ నావి చేదొస్తున్నాయి, పిల్లలు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తున్నారు. కమలా మంచిదే, తియ్యగానే ఉంటుంది మరి.

వంటింటి_సైన్సు
తెల్లటి పొర దాకా తురుముతున్నారా అక్కా? చేదంతా అందులోనే ఉంటుంది. తురుముపీట సన్న వైపు పెట్టి ఒక్కచోట ఒక్కసారే గీయాలి, వెంటనే పండు తిప్పేయాలి. నారింజరంగు పోయి తెలుపు కనిపించిందంటే అక్కడ ఆపేయండి. ఇంకోటి, పండు కోయకముందే తురమండి, రసం పిండాక మెత్తబడ్డ తొక్కని తురమడం వేళ్ళు తురుముకోడానికే పనికొస్తుంది.

సైకిల్_చక్రం
నా లెక్క చెప్తా, మూడేళ్ళుగా లాంగ్ రైడ్స్‌కి ఇదే తీసుకెళ్తున్నా. గింజ తీసిన ఖర్జూరం 200 గ్రాములు, బాదం 100, ఓట్స్ 60, రెండు కమలాల తొక్క తురుము, చిటికెడు ఉప్పు కంటే కొంచెం ఎక్కువ, నిమ్మరసం ఒక్క టీస్పూన్. ఒక్క టీస్పూనే, పులుపు తగలడానికి, అంతకంటే వద్దు. ఓట్స్‌ని మూకుడులో మంచి వాసన వచ్చేదాకా పొడిగా వేయించి చల్లార్చండి, పచ్చి పిండి రుచి పోతుంది, తడి కూడా పోతుంది. ముందు బాదం ఒక్కటే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి ఆపకుండా తిప్పితే వేడెక్కి నూనె వదిలి పేస్ట్ అయిపోతుంది. తర్వాత ఖర్జూరం. తురుముని ఉప్పుతో కలిపి వేళ్ళతో ఒక నిమిషం నలిపి వేస్తే నూనె బాగా దిగుతుంది, ఈ ఒక్క పనితో వచ్చిన తేడా ఇంకెందులోనూ చూడలేదు నేను. ఖర్జూరం మరీ ఎండిపోయి ఉంటే గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, తీసి, గుడ్డతో గట్టిగా అద్దండి, చాలామంది రసం వేయరు కానీ ఈ నానిన తడి మర్చిపోతారు, ఫలితం అదే.

25 గ్రాముల చొప్పున చుడితే 14 వస్తాయి. ఒక్కోటి సుమారు 95 కేలరీలు, అందులో పిండిపదార్థం 15 గ్రాములు.

కేలరీ_కాపలా
అంటే చక్కెరే కదా అండీ. ఎనర్జీ అని పేరు పెట్టినంత మాత్రాన ఖర్జూరం చక్కెర చక్కెర కాకుండా పోతుందా? 100 గ్రాముల ఖర్జూరంలో దగ్గర దగ్గర 65 గ్రాములు చక్కెరే ఉంటుంది. నేను ఇవి "హెల్దీ" అనుకుని సీట్లో కూర్చుని సినిమా చూస్తూ ఆరు తినేవాణ్ణి, ఆరంటే ఒక పూట భోజనంతో సమానం. కదిలే రోజున తినండి, కదలని రోజున పండు తినండి, అంతే.

సైకిల్_చక్రం
ఒప్పుకుంటా. ఇవి రైడ్ కోసమే. గంట, గంటన్నర దాటి కష్టపడేవాళ్ళకి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరమవుతుంది అంటారు, ఆ లెక్కన గంటకి రెండు నుంచి నాలుగు. అరగంట నడకకి ఒక్కటి కూడా అక్కర్లేదు నిజానికి.

పొద్దున్నే_పరుగు
సైకిల్ బ్రో, బాదం ఉన్నవి పరుగుకి పది నిమిషాల ముందు తింటే నాకు కడుపులో రాయి పడినట్టుంటుంది, మీకు అలా ఉండదా?

సైకిల్_చక్రం
సైకిల్ మీద కడుపు అంతగా కదలదు బ్రో, పరుగులో గిలక్కొట్టినట్టే. నూనె, పీచు ఉన్నవి కడుపులోంచి మెల్లగా దిగుతాయి. పరుగుకి ముందు తినేవాటిలో బాదం తీసేసి ఖర్జూరం, ఓట్స్ పొడి, తురుము, ఉప్పు మాత్రమే పెట్టి చెయ్యి, అదీ కనీసం అరగంట ముందు. బాదం ఉన్నవి పరుగయ్యాక, ఆఫీసు దారిలో.

ట్రెక్కింగ్_తాత
నా వయసు మీకెవరికీ ఉండకపోవచ్చు కానీ కొండలెక్కడం మానలేదు. మీరు చెప్పని ఒక సంగతి చెప్తాను వినండి. పోయినసారి ఎండలో ఒక బండ మీద కూర్చుని అందరి సీసాల్లోకీ డజను పచ్చ నిమ్మకాయలు నేనే పిండాను. చేతులు నీళ్ళతో ఊరికే తొలిచి మళ్ళీ నడక. మర్నాటికి చేతి వెనకభాగం ఎర్రబడి, ఆ మర్నాటికి బొబ్బలు, తర్వాత గోధుమరంగు మచ్చలు, అవి పోవడానికి నెలలు పట్టింది. వేడినీళ్ళు పడ్డాయా అని డాక్టరు అడిగితే లేదంటే, నిమ్మకాయలు పిండారా అని రెండో ప్రశ్నే అదడిగారు. నిమ్మ తొక్కలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలుతుందట, ఎలర్జీ కూడా కాదట, ఎవరికైనా రావచ్చట. అందుకని పిండేది ఇంట్లోనే పిండుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని బయలుదేరండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
అమ్మో, ఇది ఇప్పటిదాకా వినలేదు బాబాయ్. పిల్లలు ఎండలో నిమ్మ షర్బత్ ఆట ఆడుతుంటారు మా పెరట్లో!

గ్రేప్‌ఫ్రూట్_ఫ్యాన్
కమలా బోర్ కొట్టినవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపరపనసకి దగ్గరి పండు) తొక్క ట్రై చెయ్యండి, ఆ చిరుచేదు జీడిపప్పుతో అదిరిపోతుంది. మా ఆఫీసులో అందరికీ పంచా.

వంటింటి_సైన్సు
పంచేటప్పుడు మాత్రం చెప్పి పంచండి బ్రో. గ్రేప్‌ఫ్రూట్ కొన్ని మందులతో కలిస్తే ప్రమాదం. కొలెస్ట్రాల్‌కి వేసుకునే సింవాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, బీపీకి వాడే ఫెలోడిపిన్ లాంటివి. ఆ మందుల్ని పేగుల్లో విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఇది ఆపేస్తుంది, దాంతో వేసుకున్నది ఒక మాత్రే అయినా రక్తంలోకి చాలా ఎక్కువ మందు చేరుతుంది. ఇది బయటపడిందే యాదృచ్ఛికంగా. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే ఆయన బృందం మద్యానికీ ఫెలోడిపిన్‌కీ సంబంధం చూద్దామని, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు, తీరా చూస్తే రక్తంలో మందు లెక్కకి మించి కనిపించింది, 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. పంపరపనస, చేదు నారింజల్లో కూడా ఆ పదార్థాలుంటాయి. మామూలు తియ్య కమలాతో ఈ గొడవ లేదు.

గ్రేప్‌ఫ్రూట్_ఫ్యాన్
ఓహ్. మా మేనేజర్ బీపీ మాత్ర వేసుకుంటారు, ఇప్పుడే ఫోన్ చేస్తా.

నైట్‌షిఫ్ట్_నాని
నాకో డౌట్. విటమిన్ సి కోసమే నేను మొదలెట్టా ఇది, రసం తీసేస్తే ఇంకేం మిగులుతుంది? నేనైతే రసాన్ని స్టవ్ మీద చిక్కగా మరిగించి వేస్తున్నా ఈమధ్య, నీళ్ళు పోతాయి కదా అని. రుచి బాగుంది, వారం ఉంటున్నాయి కూడా.

వంటింటి_సైన్సు
రుచికి మంచి పద్ధతే, పావు వంతుకి వచ్చేదాకా మరిగించండి, అల్యూమినియం గిన్నెలో మాత్రం వద్దు, పులుపుకి గిన్నె రుచి దిగుతుంది. విటమిన్ సి కోసం అంటారా, వేడికి, గాలికి తొందరగా పోయేది అదే. తురుములోనూ లెక్క చూసుకోండి, ఒక టేబుల్‌స్పూన్‌కి 8 మిల్లీగ్రాములు వస్తాయేమో, దాన్ని పద్నాలుగు ఉండలకి పంచితే ఏముంటుంది? మామూలు సైజు కమలాపండు ఒక్కటి తింటే 70 దాకా వస్తుంది. ఉండ వాసన కోసం, పండు విటమిన్ కోసం. రెండూ బ్యాగులో పెట్టుకోండి, పండుకి ప్యాకింగ్ కూడా అదే ఇస్తుంది :) పైగా ఉండల్లో గుమ్మడి గింజలు, నువ్వులు వేసుకునేవాళ్ళు పక్కనే పండు తింటే వాటిలో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అదే టైంలో టీ తాగితే రివర్స్.

పళ్ళ_డాక్టర్_గారమ్మాయి
మా నాన్న చెప్పమన్నారు (పక్కనే ఉన్నారు, థ్రెడ్ మొత్తం చదివించుకున్నారు). ఖర్జూరం పళ్ళకి అతుక్కుంటుంది, దానికి పులుపు తోడైంది, దాన్ని మీరు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కొంచెం కొంచెం కొరుకుతూ ఉంటారు. తింటే ఒకేసారి తినేసి నీళ్ళు పుక్కిలించండి. వెంటనే బ్రష్ మాత్రం చేయకండి, పులుపుకి ఎనామిల్ (పంటి పైపొర) మెత్తబడి ఉంటుంది, అరగంట ఆగండి.

చిన్న_బేకర్
వాసన కంటే కరకర కావాలనుకునేవాళ్ళకి, కమలాని మూడు నాలుగు మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి ఒవెన్‌లో 90 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిప్పి, ఆరబెట్టండి. ముక్కలు చేసి ఉండల్లో కలిపితే పంటి కింద తగులుతుంది. మైనం పూసిన పండ్లయితే వేడినీళ్ళతో బ్రష్ పెట్టి రుద్దండి ముందు, తొక్క తినేవాళ్ళందరికీ ఇది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఒక చిన్న జాగ్రత్త నావైపు నుంచి, ఖర్జూరం బదులు తేనె వేసేవాళ్ళు ఏడాది లోపు పిల్లలకి రుచి కూడా చూపించకండి. బాదం, జీడిపప్పు పలుకులు కూడా నాలుగైదేళ్ళ లోపు వాళ్ళ గొంతులో అడ్డుపడతాయి, మెత్తగా పొడి చేసి వేయాలి.

పొద్దున్నే_పరుగు
అప్‌డేట్. పోయిన ఆదివారం సైకిల్ బ్రో లెక్క ప్రకారం చేశా. రసం లేదు, ఉప్పులో తురుము నలిపా, ఖర్జూరం గుడ్డతో అద్దా. సగం ఫ్రిజ్‌లో, సగం ఫ్రీజర్‌లో. ఇవాళ ఎనిమిదో రోజు, ఫ్రిజ్‌వి అలాగే ఉన్నాయి. రాత్రి ఫ్రీజర్‌లోంచి రెండు తీసి బ్యాగులో వేస్తే పొద్దున ఆఫీసుకెళ్ళేసరికి మెత్తబడుతున్నాయి, లిఫ్టులో డబ్బా తీస్తే పక్కావిడ ఎవరో కమలా వలుస్తున్నారా అనడిగారు.

ఒక్కటే మిగిలింది, తొక్క గీరేసిన రెండు బోడి కమలాలు ఫ్రిజ్‌లో పెట్టా, రెండు రోజులకే ఎండిపోయి ముడుచుకుపోయాయి.

నైట్‌షిఫ్ట్_నాని
తొక్క పోతే తడి ఆగదు బ్రో, ఆ రోజే తినెయ్యాలి. నేను గీరుతూనే ఒకటి తినేస్తా, రెండోది ఎవరు చూస్తుంటే వాళ్ళకి.